పిడకలో తొమ్మిది గింజలు

ఈమధ్య మా అమ్మాయి నాకు రోజూ పొద్దున్నే ఒక చెంచాడు గుమ్మడి గింజలు పెడుతోంది. గుండెకి మంచివట, ఎముకలకి మంచివట, నిద్ర కూడా పడుతుందట. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో వస్తాయి. పైపొట్టు ఒలిచేసి, వేయించి, పచ్చగా నున్నగా మందుబిళ్ళల్లా ఉంటాయి. మొదటి రోజు వాటిని అరచేతిలో పోసుకుని లెక్కపెట్టాను. "అమ్మా, అవి తినడానికి, లెక్కపెట్టడానికి కాదు" అంది మా అమ్మాయి, ఆఫీసుకి వేళవుతోందన్న విసుగుతో. యాభై మూడున్నాయి. ఒక్క చెంచాలో యాభై మూడు! నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పబోతే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను. పొట్టు ఒలిచి వేయించిన గింజ ఎన్ని లక్షలుంటే ఏం లాభం, ఒక్కటీ మొలవదు. నాకు కొత్తగా పెళ్ళయిన రోజుల్లో, అరవైల చివర, మొలిచే గింజలు తొమ్మిదంటే తొమ్మిది చేతికొచ్చాయి. వాటి గురించి ఇన్నేళ్ళయినా నాకు కోపం తగ్గలేదు.

నేను పుట్టి పెరిగింది విజయనగరంలో. మా నాన్న ఒక బడిలో గుమాస్తా. మాది రెండు గదుల వాటా ఇల్లు. మట్టి అంటే నాకు తెలిసినదల్లా తులసికోటలో ఉన్నంతే, అదీ వాటాదారులందరిదీ. అలాంటి నన్ను తీసుకెళ్ళి కోటబొమ్మాళికి రెండు మైళ్ళ అవతల, వరి పండించే ఇంట్లో ఇచ్చారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ఇల్లది. ముందు కళ్ళం, పక్కన పశువులశాల, వెనక పెద్ద పెరడు. మా ఆయన ఒక్కడే కొడుకు. సాలూరులో ఒక లారీల ఆఫీసులో పని చేసేవాడు, పదిహేను రోజులకోసారి వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. ఇంట్లో ఉన్నది మా మావయ్య, మా అత్తమ్మ, నేను. మా మావయ్య మంచివాడు. మంచివాడంటే నోరు విప్పేది తినేటప్పుడే అని అర్థం. మిగతా మాటలన్నీ మా అత్తమ్మే మాట్లాడేది.

మా అత్తమ్మ పుట్టిల్లు పాతపట్నం అవతల, ఒరిస్సా పొలిమేరకి దగ్గర. కాపరానికి వస్తూ వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఆవిడ చీరచెంగున ముడేసుకుని తెచ్చుకున్న ఆస్తి ఒకటుంది, గుమ్మడి గింజలు. ఆ గుమ్మడి ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. బల్లపరుపుగా, పీటలా ఉంటుంది కాయ. మీద లోతుగా చారలు. కోస్తే లోపల పసుపు ముద్ద పూసినట్టు ఎర్రటి పసుపు. అటక మీద గడ్డి పరిచి పెడితే ఏడాదిదాకా చెడదు. బెల్లం వేసి ఉడికించక్కర్లేదు, దాని తీపి దానికే ఉంది. నేను ఈ వయసుదాకా తిన్న గుమ్మడికాయలన్నీ దాని ముందు చప్పటి నీళ్ళే. ఇరుగుపొరుగు ఎవరైనా ముక్క అడిగితే పెట్టేది గాని, గింజ ఒక్కటి కూడా లేకుండా గోకి మరీ పెట్టేది. గింజ గడప దాటితే కాపు కూడా దాని వెంటే పోతుందని ఆవిడ నమ్మకం.

గింజలు దాచే తీరు కూడా వేరు. సీసాలూ డబ్బాలూ కాదు. పచ్చిపేడలో గింజలు గుచ్చి, పిడకలా తట్టి, వంటింటి గోడకి కొట్టేది. అది ఎండి గోడనంటుకుని ఉంటుంది. పురుగు పట్టదు, చెమ్మ చేరదు. మూడేళ్ళు, నాలుగేళ్ళయినా మొలుస్తుందని చెప్పేది. పొయ్యి కింద పెట్టుకునే పిడకలకీ గింజల పిడకలకీ తేడా తెలియడానికి గింజల పిడక మధ్యలో బొటనవేలితో నొక్కేది. నేను కాపరానికి వెళ్ళిన మొదటి ఏడాది తుఫానుకి ఆ గోడ తడిసి ఊడింది. పిడకలు కింద పడ్డాయి, ఎలకలు పండగ చేసుకున్నాయి. మూలన బోర్లా పడిన ఒక్క పిడక ముక్కలో మిగిలినవి తొమ్మిది గింజలు. అటక మీద కాయ కూడా లేదు.

మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే మా అత్తమ్మ ఆ పిడక ముక్కని నా చేతిలో పెట్టింది. "ఈయేడు గింజలు నువ్వే పెట్టాల పిల్లా. కొత్త కోడలి సెయ్యి పడితే బాగా కాస్తాది. ఇవి పోతే ఇంక లేవు. మా యమ్మ ఇచ్చిన గింజ, నా సేతిమీదుగా వొచ్చింది, నీ సేతిమీదుగా పోవాల" అంది. ఆ ఇంట్లో పెరటి గింజ పెట్టడం ఆడవాళ్ళ పని, మగవాళ్ళు ముట్టుకోరు. పండిన కాయని మొదట కొయ్యడం మాత్రం మగవాళ్ళ పని, ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదు. పెరట్లో గింజ బాగా నిలబెట్టిన కోడలే మర్నాటి ఏడు పొలంలో తొలి మొక్క నాటుతుంది. అంటే అది నాకు పరీక్ష అన్నమాట. విజయనగరంలో చదువుకున్న పిల్ల, మట్టి ముట్టుకోవడం రాదు, అని ఊళ్ళో నలుగురూ నవ్వుతున్నారని నాకు తెలుసు. ఆ తొమ్మిది గింజల్ని నేను ఎంత భక్తితో పట్టుకున్నానంటే, దేవుడి గదిలోకి కూడా అంత భక్తితో ఎప్పుడూ వెళ్ళలేదు.

మూడు గుంతలు తవ్వాను. బూడిద, మాగిన పెంట కలిపాను. అత్తమ్మ పక్కన నిలబడి చెబుతుంటే గింజ మూతి కిందికి వచ్చేలా గుంతకి మూడేసి గుచ్చాను. వారం తర్వాత ఆరు మొలిచాయి. ఆరింటిలో రెండు మా కోడిపెట్ట తినేసింది. ఒకటి దూడ తొక్కింది. ఒకదాన్ని ఎర్రటి పెంకుపురుగులు రెండు రోజుల్లో జల్లెడ చేశాయి. మిగిలినవి రెండు. నేను కాపలా కాశాను. ముళ్ళకంప నాటాను, బూడిద చల్లాను, కోడిపెట్టని బుట్ట కింద మూసి ఉంచినందుకు తిట్లు తిన్నాను. ఆ రెండూ బతికాయి. బతకడమేమిటి, రాక్షసుల్లా పెరిగాయి. నెల తిరిగేసరికి పశువులశాల కప్పు మీదికి ఎక్కేశాయి. ఒక్కొక్క ఆకు విస్తరంత. అటుగా పోయేవాళ్ళు ఆగి చూసేవారు. నేను ఏమీ ఎరగనట్టు నీళ్ళు పోస్తూ వాళ్ళ మాటలు వినేదాన్ని.

అప్పుడు పువ్వులు మొదలయ్యాయి. గుమ్మడికి రెండు రకాల పువ్వులుంటాయని నాకు మా అత్తమ్మే చూపించింది. ఒకటి పొడుగాటి కాడతో నిటారుగా నిలబడేది, దాని కింద ఏమీ ఉండదు. దాన్ని 'ఒట్టి పువ్వు' అనేది. రెండోది పొట్టిది, దాని కింద గోలీకాయంత పిందె ఉంటుంది. అది 'పిందెపువ్వు'. పిందెపువ్వుని ముట్టుకోకూడదు. ఒట్టి పువ్వు కాయదు, పండదు, ఎందుకూ పనికిరాదు, వంటకి తప్ప. ఆ వంట మా అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన రెండో ఆస్తి. నానబెట్టిన బియ్యంలో ఎండుమిరపకాయ, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి రుబ్బి, పువ్వు మధ్యలో పుల్ల తీసేసి, ఆ పిండిలో ముంచి పెనం మీద కాల్చడం. అంచులు ఎర్రగా, లోపల మెత్తగా, ఆ వాసనకి మా మావయ్య కళ్ళంలోంచి పిలవకుండానే వచ్చేవాడు. పొలాల్లో పని బరువుగా ఉన్న ఆ రెండు నెలలూ మా ఇంట్లో పొద్దుటి చద్దన్నంలో నంజుకునేది అదే.

మా అత్తమ్మ ఇన్నేళ్ళూ పువ్వులు కోసేది పశువులు మేతకి పోయి, కళ్ళాపి చల్లి, ఎసరు పెట్టాక. అప్పటికి పొద్దు బారెడు ఎక్కి పువ్వులు ముడుచుకుని వాడిపోయేవి. నేను చురుకైనదాన్ని కదా! ఆ రోజుల్లో నాకంటే చురుకైన కోడలు జిల్లాలో ఉండకూడదని నా పట్టుదల. తెల్లారుతూండగానే లేచి, శాలకి నిచ్చెన వేసుకుని, అప్పుడప్పుడే విచ్చుకుంటున్న ఒట్టి పువ్వుల్ని ఒక్కటీ వదలకుండా కోసుకొచ్చి, తడిగుడ్డలో చుట్టి పెట్టేదాన్ని. అత్తమ్మ లేచి పెరట్లోకి వచ్చేసరికి చేటనిండా పువ్వులు. మొదటి రోజు మా మావయ్య తిని, చాలా కాలానికి ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు. "ఇన్నాళ్ళూ మీ అత్త వాడిపోయిన పువ్వులే వండీది. కోడలి పువ్వులు సూడు, కరకరలాడతన్నాయి." మా అత్తమ్మ కూడా నవ్వింది. "దాని సెయ్యి అలాంటిది మరి" అంది. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటి పిందెపువ్వు విచ్చుకున్న రోజు నేను పట్టలేని సంతోషంతో వేలు చూపించి, "అత్తమ్మా, అదిగో పిందె!" అని అరిచాను. ఆవిడ పరుగెత్తుకొచ్చి నా చేతి మీద ఒక్కటిచ్చింది. "ఒసే ఒసే, ఏలు సూపించకు! పిందెకి ఏలు సూపిస్తే నిలుస్తాదేటి?" నాకు తెలీదు. విజయనగరంలో మేం కొనుక్కున్న గుమ్మడికాయలకి అందరూ వేళ్ళు చూపించేవారు. నాలుగు రోజులకి ఆ పిందె పసుపు రంగుకి తిరిగింది, మెత్తబడింది, రాలిపోయింది. "సూసినావా" అంది మా అత్తమ్మ. సరే, తప్పు నాదే అనుకున్నాను. అప్పట్నుంచి పిందెల్ని చూపించాల్సి వస్తే పిడికిలితో చూపించేదాన్ని. కొన్నాళ్ళకి అది అలవాటై, ఇంటికి వచ్చిన చుట్టాలకి దొడ్డిదారి కూడా పిడికిలితోనే చూపిస్తుంటే వాళ్ళు బెదిరిపోయేవారు.

రెండో పిందె రాలింది. మూడోది రాలింది. వేలు లేదు, గోరు లేదు, అయినా రాలాయి. పిందె రాలడం చూడని వాళ్ళకి ఆ బాధ చెప్పినా అర్థం కాదు. పొద్దున్న చూస్తే ఆకుపచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. రేపు ఇంకొంచెం పెరుగుతుంది అనుకుంటాం. మర్నాడు మూతి దగ్గర చిన్న పసుపు చుక్క. ఆ పై రోజు ఉడికించిన పిండిలా మెత్తన. మీరేం చెయ్యలేరు. దిష్టి తగిలిందని అత్తమ్మ సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించింది, పాత చెప్పు కట్టింది. భావనపాడు వైపు నుంచి చేపలమ్మడానికి వచ్చే ఆవిడ చేపలు కడిగిన నీళ్ళు పొయ్యమంటే అవి పోశాం. వారం రోజులు పెరడంతా కంపు, ఊళ్ళో పిల్లులన్నీ మా శాల మీదే. మా ఆయన సాలూరు నుంచి గుడ్డసంచీలో తెల్లటి ఎరువు తెచ్చాడు. అప్పుడే ఊళ్ళల్లోకి వస్తున్న యూరియా అది. "అక్కడ రైతులందరూ ఇదే ఏస్తన్నారే. గుప్పెడెయ్యి, వారం తిరిగీసరికి కాయలే కాయలు" అన్నాడు. వేశాను. ఆకులు విస్తర్లంత ఉన్నవి చేటలంత అయ్యాయి. ఒట్టి పువ్వులు ఇంకా ఎక్కువ పూశాయి. నేను ఇంకా పెందరాడే లేచి, ఇంకా ఎక్కువ కోశాను. పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

రాలినవాటిని మొదట్లో లెక్కపెట్టేదాన్ని. పదకొండు దాటాక మానేశాను. ఇంట్లో గాలి మారిపోయింది. మా అత్తమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను పాదుకి నీళ్ళు పోస్తుంటే అలా చూస్తూ నిలబడేది. ఆవిడ కళ్ళల్లో కనబడేది కోపం కూడా కాదు, భయం. వాళ్ళమ్మ ఇచ్చిన గింజ తన కళ్ళముందు అంతరించిపోతోంది. ఆ భయాన్ని నేను అర్థం చేసుకున్నానా అంటే లేదు. నా బాధ నాకే ఎక్కువ. ఎవరికంటే తక్కువ చేశాను? ఎవరికంటే ఆలస్యంగా లేచాను? ఇంత చాకిరీ చేస్తుంటే ఒక్కటంటే ఒక్క కాయ నిలవదేం? ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ తీగెని పట్టుకుని "నీకేం పోయేకాలం" అని గట్టిగా తిట్టాను. ఆకు మీది నూగు చేతికంతా గీరుకుని రెండు రోజులు దురద పెట్టింది.

భాద్రపదంలో నేను బయట చేరాను. ఆ ఇంట్లో ఆ మూడు రోజులూ చావిడి చివర చాప మీద కూర్చోవాలి, వంటిల్లు, పెరడు, మొక్కలు ఏవీ ముట్టుకోకూడదు. పెళ్ళయి రెండేళ్ళవుతున్నా నేను నెలనెలా ఆ చాప మీద కూర్చోవడమే ఆ ఇంట్లో ఎవరికీ నచ్చని సంగతి. నాకూ ఏడుపొచ్చేది. అంతకుముందు నెలల్లో ఆ రోజులు వస్తే, మావయ్యకి తాజా పువ్వులు అలవాటయ్యాయని అత్తమ్మే నాలాగే తెల్లారగట్ల నిచ్చెన ఎక్కి మరీ పువ్వులు కోసేది. ఈసారి ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. పనులన్నీ అయ్యాక, పొద్దెక్కాక, కిందనుంచి చేతికందిన నాలుగు వాడిన పువ్వులు కోసి ఊరుకుంది. నాలుగో రోజు నేను తలస్నానం చేసి వచ్చాను. ఇంకో నాలుగు రోజులకి మా అత్తమ్మ శాల పక్కన నిలబడి నన్ను పిలిచింది. పిడికిలితో చూపించింది. ఆకుల చాటున నిమ్మకాయంత కాయ. నల్లటి ఆకుపచ్చ. మూతి దగ్గర పసుపు చుక్క లేదు. నిలిచింది!

నాకు కేక వేయాలనిపించింది. మా అత్తమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుని, మెల్లిగా, ఎంతో మెత్తగా అంది. "ఇది పూసింది నువ్వు బయటున్న రోజుల్లో. ఆ మూడు దినాలూ నువ్వు ఇటు రానేదు. ఇన్నాళ్ళూ నిలవనిది అప్పుడే నిలిసింది. నాను అనడం కాదు పిల్లా, కాయే సెప్తన్నాది."

"నేనేటి చేసేను అత్తమ్మా?" అన్నాను.

"నువ్వేటీ సేయనేదు. నీ సెయ్యి అలాంటిది, నువ్వేటి సేస్తావు. రేపట్నుంచీ పాదు కాడికి రాకు. కోపం కాదే. గింజ నిలవాల గదా."

'దాని సెయ్యి అలాంటిది' అని నెల క్రితం నవ్వుతూ అన్న నోరే. ఏమని వాదించను? కాయ ఎదురుగా ఉంది. నేను పాదు దగ్గరికి వెళ్ళడం మానేశాను. నిచ్చెన ఎక్కేవాళ్ళు లేరు కాబట్టి పైన పూసిన పువ్వులు పైనే ఉండిపోయాయి. చూస్తూండగా రెండో కాయ నిలిచింది, మూడోది నిలిచింది. రోజుకి రోజు అవి లావెక్కుతుంటే చావిడిలోంచి చూసేదాన్ని. ఊళ్ళో వాళ్ళు వచ్చి "నిలిసినాయి గదమ్మా" అంటే మా అత్తమ్మ గొంతు తగ్గించి ఏదో చెప్పేది. వాళ్ళు నా వైపు తిరిగి చూసేవారు. ఆ మూడు కాయలూ నా మీద సాక్ష్యం చెప్పడానికే పెరుగుతున్నట్టుండేది. గుమ్మడికాయల మీద పగపట్టిన మనిషిని ఎక్కడైనా చూశారా? నేనే.

మాఘంలో మా ఆయన వచ్చినప్పుడు మొదటి కాయ కోశాడు. కత్తి దిగగానే ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. గింజలు గోకి చేటలో పోసింది అత్తమ్మ. బలంగా, తెల్లగా, చేటనిండా. ఆవిడ కళ్ళంట నీళ్ళు తిరిగాయి. "పేడ తెచ్చి గడప కాడెట్టు, నువ్వు అటే ఉండు" అంది. తెచ్చి గడప ఇవతల పెట్టి నిలబడ్డాను. ఆవిడ ఒక్కత్తే గింజలు గుచ్చి, పిడకలు తట్టి, బొటనవేలితో నొక్కి గోడకి కొట్టింది. మర్నాటి ఏడు గింజలు ఆవిడే పెట్టింది, తొలి మొక్క ఆవిడే నాటింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మా ఆయనతో చెప్పుకుంటే, "గుమ్మడికాయ గురించి ఏడుస్తావేటే" అని నవ్వాడు. ఆ నవ్వుకి కూడా నేను ఇప్పటిదాకా ఆయన్ని పూర్తిగా క్షమించలేదు.

తర్వాత మేం సాలూరులో కాపరం పెట్టాం. అమ్మాయి పుట్టింది. అద్దె ఇల్లయినా వెనకాల మంచి నేల ఉండేది. పక్కింటివాళ్ళు బీరపాదు ఇస్తామన్నారు, ఎదురింటావిడ కాకర గింజలు తెచ్చింది. "వద్దండీ, నా చెయ్యి మంచిది కాదు" అనేదాన్ని, మా ఊరి పేరు చెప్పినంత మామూలుగా. పన్నెండేళ్ళు ఆ నేలలో కొత్తిమీర గింజ కూడా చల్లలేదు. బట్టలు ఆరేసుకునేవాళ్ళం.

ఒకరోజు సాయంత్రం నేను చారుకి చింతపండు పిసుకుతున్నాను. అమ్మాయి గడపలో కూర్చుని బడి పుస్తకం పైకి చదువుతోంది, నిద్రమత్తులో ఉన్నవాళ్ళు చదివినట్టు, ఒకే గొంతుతో. గుమ్మడి, సొర, కాకర లాంటివాటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు అని అందులో ఉంది. మగపువ్వు పుప్పొడిని తేనెటీగలు ఆడపువ్వుకి చేరిస్తేనే పిందె నిలుస్తుందట, లేకపోతే రాలిపోతుందట. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుందట. "మళ్ళీ చదువు" అన్నాను. చదివింది. "మళ్ళీ" అన్నాను. "నీకు పరీక్షా, నాకు పరీక్షా?" అంది. నా చేతులకి చింతపండు పులుసు కారుతోంది. నిచ్చెన గుర్తొచ్చింది. తడిగుడ్డ గుర్తొచ్చింది. తేనెటీగ కళ్ళు నులుముకుని లేచేలోపల ఆ పాదు మీద ఒక్క మగపువ్వు మిగలకుండా కోసేసినదాన్ని నేనే. వేలు చూపించడం కాదు, దిష్టి కాదు, బయట చేరడం కాదు. నా చెయ్యే. మా అత్తమ్మ అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం, అయినా పూర్తిగా అబద్ధం. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గిన్నె నేలకేసి కొట్టాను.

ఆ ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని బస్సెక్కాను. మర్నాడు పరీక్ష ఉందని అమ్మాయి ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను, పన్నెండేళ్ళు నేను ఏడవలేదా. మావయ్య అప్పటికి పోయారు. అత్తమ్మకి నడుం వంగిపోయింది, చూపు ఆనడం లేదు. పాలేరు కుటుంబం చూసుకుంటోంది. చాలా ఏళ్ళుగా పండక్కీ పబ్బానికీ పోయి ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని వచ్చేసేదాన్ని గాని, ఆ పెరటి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు కాళ్ళయినా కడుక్కోకుండా ఆవిడ పక్కన కూర్చుని పాఠం చదివి వినిపించాను. ఒట్టి పువ్వు అంటే ఏమిటో, పిందె ఎందుకు రాలిందో, అన్నీ చెప్పాను.

"నాను పనులన్నీ అయినాక, పొద్దెక్కినాక కోసీదాన్ని" అంది ఆవిడ. "నువ్వేమో కాకి కూయకముందే లేసీదానివి. ఎవులు లెమ్మన్నారే నిన్ను అంత పెందరాలే?"

"మీరు మెచ్చుకుంటారని లేచేదాన్ని అత్తమ్మా."

ఆవిడ తడుముకుని నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. నేను ఏడుస్తూనే నవ్వాను. పోనీలెండి, ఇప్పుడైనా తెలిసింది కదా అన్నాను. ఆ గింజలియ్యండి, సాలూరులో మంచి నేల ఉంది, నేను పెడతాను అన్నాను. గోడ వైపు చూశాను. గోడ నున్నగా సిమెంటు చేసి ఉంది.

"గింజలెక్కడివే" అంది ఆవిడ. "నడుం పడిపోయి అయిదేళ్ళయినాది. పెట్టీవోళ్ళు నేరు. ఆకరి పిడక గోడకే ఉండిపోనాది. సిమెంటు సేసినోళ్ళు ఊడదీసి పొయ్యిలో ఎట్టీసినారు."

"నాకు కబురు పెట్టకపోయారా? నేనొచ్చి పెట్టేదాన్ని కదా!"

"నీకు కబురెట్టడానికి..." అని ఆవిడ ఆగిపోయింది. మిగతా మాట అనలేదు. నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. అనకపోయినా ఇద్దరికీ వినబడింది.

సాలూరు వచ్చాక సంతలో కొన్న గుమ్మడికాయ గింజలు పెట్టాను. మగపువ్వుల జోలికి పోలేదు. పది కాయలు కాసింది. పదీ చప్పగానే ఉన్నాయి. పాతపట్నం వైపు వెళ్ళేవాళ్ళందరికీ చెప్పి వెతికించాను, మా అత్తమ్మ పుట్టింట్లో వాళ్ళని అడిగాను. వాళ్ళు ఎప్పుడో హైబ్రిడ్ వేసుకున్నారు.

ఈ రోజు పొద్దున్న మా అమ్మాయి డబ్బా ఖాళీ అయిందని కొత్తది తెచ్చింది. దాని మీద ఎన్నాళ్ళలోపు తినెయ్యాలో చిన్న అక్షరాలతో రాసి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. గింజకి ఒక గడువుంటుందని మా అత్తమ్మకి తెలుసు, పిడకలో పెడితే నాలుగేళ్ళు. తెలిసిన మాట ఎన్నాళ్ళలోపు చెప్పుకుంటే మొలుస్తుందో మాత్రం ఆవిడకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.